మామయ్యగారి ఫ్లాష్, నా కెమెరా

నాకు కోపం ముందు వస్తుంది, ఆలోచన వెనకాల తీరిగ్గా నడుచుకుంటూ వస్తుంది. మా ఇంట్లో అందరికీ ఇది అలవాటైపోయింది. నేను గొంతు పెంచగానే మా ఆయన చెప్పులేసుకుని పాల పాకెట్టు తెస్తానంటూ బయటికి వెళ్ళిపోతారు, ఫ్రిజ్జులో అప్పటికే మూడు పాకెట్లు ఉన్నా సరే. కానీ ఆ శుక్రవారం పొద్దున నేను అరిచింది మా ఆయన మీద కాదు, మామయ్యగారి మీద. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన ఎదుట నేను గొంతెత్తడం అదే మొదటిసారి. అదీ ఒక ఫ్లాష్‌గన్ గురించి.

ముందు నా సంగతి చెప్పాలి. నేను విజయవాడలో చంటిపిల్లల ఫొటోలు తీస్తాను. బారసాలలు, అన్నప్రాసనలు, మొదటి పుట్టినరోజులు. పెళ్ళిళ్ళ జోలికి పోను. అక్కడ డ్రోన్లూ క్రేన్లూ పదేసి మంది మనుషులూ ఉంటారు, వాళ్ళ మధ్య నేనెక్కడ దూరను? పిల్లల దగ్గరైతే ఓపిక ఒక్కటి ఉంటే చాలు. ఇందాక కోపం గురించి చెప్పి ఇప్పుడు ఓపిక అంటోందేమిటని అనుకోకండి. నా కోపమంతా పెద్దవాళ్ళ మీదే. రెండేళ్ళ కిందట కాలేజీ ఆఫీసులో ఉద్యోగం మానేసి, చేతి గాజులు రెండు అమ్మి కెమెరా కొనుక్కున్నాను. నాకున్నది ఆ ఒక్క కెమెరానే. అది మూలపడితే నా పనీ దాంతోపాటే మూలపడుతుంది.

మామయ్యగారిది ఉయ్యూరులో ఫొటో స్టూడియో. ముప్ఫై ఎనిమిదేళ్ళు నడిపారు. ఆ చుట్టుపక్కల ఒక తరం మొత్తం పెళ్ళి ఫొటోల్లో కళ్ళు మూసుకోకుండా ఉందంటే ఆయన చలవేనని అత్తయ్యగారు అంటారు. ఫోన్లు వచ్చాక పాస్‌పోర్టు ఫొటోలకు కూడా మనుషులు రావడం తగ్గిపోయి, షాపు ఖాళీ చేసి, సామానంతా అమ్మేసి మా ఇంటికి వచ్చేశారు. అసలే మాటలు తక్కువ మనిషి. మెచ్చుకోలు మరీ తక్కువ. నేను ల్యాప్‌టాప్ తెరిచి నా ఫొటోలు చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసి, చివర్లో బాగుందమ్మా అనేవారు. బీరకాయ కూరకీ అదే మాట, అదే గొంతు. ఎవరైనా మీ కోడలు ఏం చేస్తారండీ అని అడిగితే, ఏదో పిల్లల ఫొటోలవీ తీస్తూ ఉంటుందండీ అనేవారు.

ఆ 'ఏదో' వింటే నాకు ఒళ్ళు మండేది. ఫొటోగ్రాఫర్ అన్న మాట ఆయన నా గురించి ఒక్కసారి అంటే చాలు. పైకి ఎప్పుడూ చెప్పలేదు గానీ రెండేళ్ళుగా ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను.

ఆ వారం నాకు కంకిపాడు నుంచి ఒక అన్నప్రాసన వచ్చింది, ఆదివారం పొద్దున. ఆ ఇంటి పెద్దావిడ పెళ్ళికి ఫొటోలు తీసింది మామయ్యగారే. ఆవిడ కొడుకు పెళ్ళికీ ఆయనే. ఇప్పుడు మనవడికి అన్నం ముట్టించే వేడుకకు, స్టూడియోగారి కోడలివట కదమ్మా, నువ్వే రావాలి అని ఫోన్ చేసి మరీ పిలిచారు. గురువారం రాత్రి భోజనాల దగ్గర నేను ఆ సంగతి చెప్తే మామయ్యగారు తలెత్తి చూశారు. మజ్జిగ పోసుకున్నారు.

మర్నాడు పొద్దున తన గదిలోంచి ఒక రెక్సిన్ సంచీ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. లోపల ఫ్లాష్‌గన్. నల్లగా, బరువుగా, సగం ఇటుకంత ఉంది. వీపు మీద ఎన్ని అడుగుల దూరానికి లెన్సు ఎంత తెరవాలో, అంటే అపర్చర్ ఎంత పెట్టుకోవాలో చెప్పే చిన్న పట్టిక. అంకెలు సగం అరిగిపోయాయి. సామానంతా అమ్మినా దీన్ని మాత్రం అమ్మలేదని నాకు అప్పుడే తెలిసింది. నెలకోసారి గది తలుపు దగ్గరగా వేసుకుని, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు వేసి, ఛార్జయిందని వెనక ఎర్ర లైటు వెలిగేదాకా ఉంచి, గోడకేసి నాలుగుసార్లు మెరిపించి, మళ్ళీ బ్యాటరీలు తీసేసి దాచుకునేవారట. వాడకపోతే అది చచ్చిపోతుందట. అప్పుడప్పుడూ ఆ తలుపు కింద నుంచి మెరుపులు కనిపిస్తుంటే ట్యూబ్‌లైటు పాడైందని నేనే రెండుసార్లు స్టార్టర్ మార్పించాను.

"ఆదివారం ఇది పట్టుకెళ్ళమ్మా. వాళ్ళ హాలు చీకటిగా ఉంటుంది" అన్నారు.

నేను సరేనండి అని వంటింట్లోకి వెళ్ళాను. పాత ఫ్లాష్‌లు కొత్త కెమెరాలకు ప్రమాదమని ఎక్కడో చదివిన గుర్తు. ఇడ్లీలు దించాక నెమ్మదిగా చెప్దాంలే అనుకున్నాను. ఆ నెమ్మది నా వల్ల కాలేదు. ఇడ్లీ గిన్నె పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆయన నా బ్యాగులోంచి కెమెరా తీసి, దాని నెత్తిన ఆ ఫ్లాష్ ఎక్కించి, చిన్న చక్రం తిప్పి బిగిస్తున్నారు. ఇంకో క్షణంలో స్విచ్ వేసేవారే.

గిన్నె ఎక్కడ పెట్టానో తెలియదు. "ఆ పాత సామాను నా కెమెరాకి తగిలించకండి" అని అరిచాను. అరవడంతో ఆగానా, చేతిలోంచి లాక్కున్నాను కూడా. ఫ్లాష్ ఊడి టేబుల్ అంచుకు తగిలింది. అదృష్టం, ఏమీ పగల్లేదు.

ఆయన నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు. నాలుగు పెన్సిల్ బ్యాటరీలమ్మా, ఆరు వోల్టులు, అదేం చేస్తుంది అని అడిగారు. నాలుగు ఒకటిన్నరలు ఆరే కదా. లెక్కలో ఓడిపోతున్నప్పుడు నా గొంతు ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఏం చేస్తుందో నాకు తెలీదండీ, ఇది పోతే మాత్రం నేను మళ్ళీ ఆఫీసులో కూర్చుని ఫీజు రసీదులు రాసుకోవాలి అన్నాను. ఆయన ఫ్లాష్‌ని సంచీలో పెట్టుకుని, జిప్పు లాగి, గదిలోకి వెళ్ళిపోయారు. ఇడ్లీ తినలేదు. మా ఆయన అప్పటికే పాల పాకెట్టుకు బయల్దేరారు.

అత్తయ్యగారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండో వాయి ఇడ్లీ పిండి రేకుల్లో పోస్తూ, మామూలుగా కూరగాయల గురించి మాట్లాడినట్టు మాట్లాడారు.

"మీ ఆయన చిన్నప్పుడు ఒకసారి ఆ ఫ్లాష్ ముట్టుకుంటే ఈయన చెవి మెలేశారు. స్టూడియోలో పనిచేసినోళ్ళని కూడా దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. నీకిచ్చారు" అని మూత పెట్టారు.

నేను స్టవ్వు పక్కన అలాగే నిలబడిపోయాను. రెండేళ్ళుగా నేను ఒక మాట కోసం ఎదురు చూస్తున్నాను. ఆ మనిషికి మాటలు రావు. తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క వస్తువు తెచ్చి నా ముందు పెట్టారు. నేను దాన్ని పాత సామాను అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అలాగని దాన్ని కెమెరా మీద పెట్టే ధైర్యమూ లేదు. పెడితే కెమెరా పోవచ్చు, పెట్టకపోతే ఆయన మనసు. ఆదివారానికి రెండు రోజులు కూడా లేవు.

మధ్యాహ్నం ఆయన గది ముందుకు వెళ్ళి నిలబడ్డాను. క్షమాపణ అడగడం కూడా నాకు సవ్యంగా రాదు, అందులోనూ కొంచెం దబాయింపు ఉంటుంది. దాన్ని మీటరుతో కొలిపిద్దాం మామయ్యగారూ, నిజంగా ఆరే ఉంటే నేనే నా చేత్తో కెమెరాకి తగిలిస్తాను, ఏది తేలినా మీరు ముందు అన్నం తినాలి అన్నాను. ఆయన లేచి, ఏం కూర అని అడిగారు.

మా స్కూటీ సెల్ఫ్ పట్టకపోతే చూసే ఎలక్ట్రీషియన్ ఆటోనగర్‌లో ఉన్నాడు. ముఖ్యంగా లారీల వైరింగ్ చేస్తాడు. బండి పాడైతే నన్ను కాకుండా బండినే తిడతాడని అతని దగ్గరికే వెళ్తాను. మామయ్యగారిని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఫ్లాష్ సంచీ ఆయన ఒళ్ళో ఉంది. దారిలో ఆయన, నా అనుమానం తీర్చడానికన్నట్టు, వెనక నుంచి ఒక సంగతి చెప్పారు. పెళ్ళికి బయల్దేరే ముందు తామంతా ఫ్లాష్‌ని ఎలా పరీక్షించేవాళ్ళంటే, ఛార్జి చేసి, వేలు తడి చేసుకుని, కెమెరా నెత్తిన దూరే దాని పాదం కింద, మధ్యలో ఉండే చిన్న పిన్నునూ పక్క రేకునూ కలిపి ముట్టుకునేవాళ్ళట. చురుక్కుమంటే ఫ్లాష్ బతికున్నట్టు. ముహూర్తం ఫొటో గ్యారంటీ. కొత్తగా పనిలో చేరినవాళ్ళ చేత సరదాకి ముట్టించి నవ్వుకునేవాళ్ళట. ఒక్క ఉయ్యూరులో కాదు, ఆయనకు తెలిసిన స్టూడియోల వాళ్ళందరికీ అదే అలవాటు.

పటమట దాటాక నాకు లైటు వెలిగింది. బండి స్లో చేసి, ఆరు వోల్టులు చురుక్కుమంటాయా మామయ్యగారూ అని అడిగాను. వెనక సంచీ జిప్పు తెరిచి మూసిన చప్పుడైంది.

ఎలక్ట్రీషియన్ ఒక లారీ కింద ఉన్నాడు. పిలిస్తే వచ్చి, చేతులు తుడుచుకుని, ఫ్లాష్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతనికి మీటరు కన్నా ముందు చేతికి వచ్చేది టెస్ట్ ల్యాంపు, అంటే రెండు వైర్ల చివర కట్టిన చిన్న బల్బు. లారీలో కరెంటు ఎక్కడిదాకా వస్తోందో దాంతోనే చూస్తాడు. మామయ్యగారు స్విచ్ వేసి, ఎర్ర లైటు వెలిగేదాకా ఆగమన్నారు. వెలిగింది. అతను ఒక వైరు మధ్య పిన్నుకు, రెండోది పక్క రేకుకు ఆనించాడు, ఫ్లాష్ మొహం తన మొహానికి ఎదురుగా పెట్టుకుని. ఫట్టుమని మెరిసింది. పాపం రెండు నిమిషాలు కళ్ళు నలుపుకుంటూ కూర్చున్నాడు. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసేవాళ్ళు ఏంటని తొంగి చూశారు. మామయ్యగారు మాత్రం, ఇంకా బాగానే కొడుతోంది అన్నారు. ఆ గొంతులో గర్వం నాకు స్పష్టంగా వినపడింది.

ఆ రెండు చోట్లూ కలిస్తే చాలు ఫ్లాష్ కొడుతుందన్న సంగతి మాత్రం అతనికి దాంతో అర్థమైంది. అంటే కెమెరా చేసే పని అదే, ఆ రెండింటినీ కలపడం. అలా కలిపినప్పుడు కెమెరా మీద ఎంత పడుతోందన్నదే మనకు కావాల్సిన లెక్క. ఈసారి మీటరు తెచ్చి, పెద్ద వోల్టేజీ రేంజిలో పెట్టి, ఎర్ర లైటు మళ్ళీ వెలిగాక, చేతులు తగలకుండా రెండు పుల్లలూ ఆనించాడు. ఒకటి మధ్య పిన్నుకు, ఒకటి పక్క రేకుకు. అంకెలు పరుగెత్తి ఒకచోట ఆగాయి. రెండు వందల ముప్ఫై ఎనిమిది.

ఇది ఇంట్లో ప్లగ్గులో ఉండేంత ఉందండీ బాబాయిగారూ అన్నాడతను. నా కెమెరా కంపెనీ వాళ్ళు ఎంతవరకు పర్లేదన్నారో పొద్దుటి నుంచి వెతికి ఫోన్లో పెట్టుకున్నాను. ఇది దానికి పదింతల పైనే. ఆరు వోల్టులు బ్యాటరీల్లో ఉండేవి. ట్యూబు మెరవాలంటే లోపల సర్క్యూట్ దాన్ని వందల్లోకి పెంచుతుంది. అందులోంచే కొంత ఈ పిన్ను దాకా వస్తుంది. పాత కెమెరాల్లో షట్టర్ తెరుచుకోగానే రెండు రేకులు కలిసేవి, అంతే, అక్కడ కాలిపోవడానికి ఏమీ ఉండేది కాదు. నా కెమెరాలో ఆ పని గోరంత ఎలక్ట్రానిక్ ముక్క చేస్తుంది. కొన్ని కొత్త కెమెరాలు ఇంత వోల్టేజీకీ తట్టుకుంటాయట. నాది తట్టుకోదు.

మామయ్యగారు మీటరు వంక చూశారు, తర్వాత తన కుడిచేతి చూపుడువేలు వంక చూసుకున్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అన్నారు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. దగ్గు వచ్చేదాకా నవ్వి, ఎంతమంది చేత ముట్టించానో పాపం అన్నారు. ఆ నవ్వుతో నా గుండె మీది బరువు సగం దిగిపోయింది.

ఎలక్ట్రీషియన్‌కు మాత్రం చేతులు దురదపెడుతున్నాయి. స్క్రూడ్రైవర్ తీసి, ఒకసారి విప్పి చూద్దామా, లోపలే ఏదన్నా చేసి తగ్గిద్దాం అన్నాడు. మామయ్యగారు సంచీ మీద చెయ్యి పెట్టి ససేమిరా అన్నారు. బ్యాటరీలు తీసేసినా దాని కడుపులో కరెంటు చాలాసేపు నిలవుంటుందనీ, విప్పబోయిన మెకానిక్ ఒకాయన చెయ్యి రెండు రోజులు పైకి లేవలేదనీ చెప్పారు. అది పిన్నులాగా చురుక్కుమని వదిలేసే రకం కాదట. కడుపు సంగతి అంత తెలిసిన మనిషి పాదం సంగతి ఎందుకు ఆలోచించలేదో నేను అడగలేదు. ఒక రోజుకు ఒక పోట్లాట చాలు.

అప్పుడతను లారీ బానెట్ లోపల ఉన్న చిన్న నల్ల డబ్బా చూపించాడు.

"లారీ హారన్ కరెంటు బాగా లాగుద్దండీ. బటన్‌కి డైరెక్టుగా ఇస్తే బటన్ కాలిపోద్ది. అందుకని మధ్యలో రిలే పెడతాం. బటన్ రిలేకి చెప్పుద్ది, రిలే హారన్ కొట్టుద్ది. మీ కెమెరాకీ దీనికీ మధ్యలో అట్టాంటిదేదో ఒకటి ఉండాలండీ."

మామయ్యగారు తలెత్తారు. "స్లేవ్" అన్నారు.

ఆయన స్టూడియోలో వెనక లైటుకు ఒక చిన్న కన్ను ఉండేదట. ముందు ఫ్లాష్ మెరవగానే ఆ కన్ను దాన్ని చూసి వెనక లైటును కొట్టించేది. వైరు అక్కర్లేదు. రోజూ వాడిన వస్తువే, ఈ సందర్భంలో గుర్తు రాలేదు. నా కెమెరాకు చిన్న ఫ్లాష్ సొంతంగానే ఉంది కాబట్టి అది మెరిస్తే చాలు, కన్ను చూసి పెద్దదాన్ని లేపుతుంది. కెమెరా మీద ఇది ఎక్కాల్సిన పనే లేదు. ఇంటికొస్తూ బందరు రోడ్డు మీద ఆయన నాకు వెనక నుంచి స్టూడియో లైటింగ్ మొత్తం చెప్పుకుంటూ వచ్చారు. పద్నాలుగేళ్ళలో మాట్లాడనివన్నీ ఆ అరగంటలో మాట్లాడేశారు.

ఆ కన్నును ఆయన సామానుతోపాటే అమ్మేశారు కదా, మరి ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? శనివారం పొద్దున్నే ఫ్లాష్ సంచీ తగిలించుకుని, నేను లేవకముందే బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్ళారు. అక్కడ ఆయనలాగే స్టూడియో మూసేసిన పాత స్నేహితుడు ఒకాయన ఉన్నారు. తన సొరుగులోంచి ఏదీ పారెయ్యని మనిషట. మామయ్యగారు మూడింటికి తిరిగొచ్చారు. ఎండకు మొహం ఎర్రబడింది, జేబులోంచి రుమాలు తీసి విప్పితే అందులో రేగుపండంత గాజు కన్ను, దాని కింద చిన్న ప్లాస్టిక్ దిమ్మ. ఇలాంటి పాత ఫ్లాష్‌ల వోల్టేజీకి తట్టుకునే రకమేనట, ఇద్దరూ అక్కడే పదిసార్లు కొట్టి చూశారట. ఆ దిమ్మలో ఫ్లాష్ పాదం దిగిపోయింది. ఇక నా కెమెరాకూ దీనికీ మధ్య వైరు లేదు, ఇనుము లేదు, వెలుతురు తప్ప ఏమీ లేదు.

సాయంత్రం హాల్లో కర్టెన్లు మూసి, అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టాం. మామయ్యగారు ఫ్లాష్ పట్టుకుని పక్కన నిలబడ్డారు. నేను నొక్కాను. రెండు ఫ్లాష్‌లూ మెరిశాయి. ఫొటో చూస్తే పెద్ద ఫ్లాష్ వెలుగే లేదు, అత్తయ్యగారి ముక్కు మీద చిన్న ఫ్లాష్ వెలుగు మాత్రం ఉంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే. కళ్ళముందు మెరిసిన వెలుగు ఫొటోలో లేకపోవడం ఏమిటి? నాకు కోపం వచ్చేసి కెమెరాను తిట్టడం మొదలుపెట్టాను. మా ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు.

మామయ్యగారు, ఇంకోటి తియ్యమ్మా అని, ఈసారి అత్తయ్యగారి వైపు కాకుండా నా కెమెరా వైపు చూస్తూ నిలబడ్డారు. నొక్కాను.

"అది రెండుసార్లు కొడుతోంది" అన్నారు.

నేను నమ్మలేదు. నాకైతే ఒక్క మెరుపే కనపడుతోంది. కానీ ముప్ఫై ఎనిమిదేళ్ళు మెరుపులు చూసిన కళ్ళవి. మెనూలోకి వెళ్ళి చూశాను. నిజమే. ఆటోలో ఉన్నప్పుడు కెమెరా ఫ్లాష్ ముందు ఒకసారి లేతగా మెరిసి, ఎంత వెలుగు కావాలో కొలుచుకుని, తర్వాతే అసలుది కొడుతుంది. మన కన్ను ఆ మొదటి మెరుపుకే తొందరపడి పెద్దదాన్ని లేపేస్తోంది. షట్టర్ తెరుచుకునేసరికి అది కొట్టేసి ఊపిరి పీల్చుకుంటోంది. చిన్న ఫ్లాష్‌ని ఆటోలోంచి మాన్యువల్‌కు మార్చి, బాగా తగ్గించి పెట్టాను. షట్టర్ వేగం సెకనులో నూట పాతికో వంతు దాటనివ్వలేదు, అంతకన్నా వేగమైతే ఫ్లాష్ వెలుగు ఫొటోలో సగమే పడుతుంది. ఈసారి నొక్కితే అత్తయ్యగారి చీర మీద ప్రతి పోగూ లెక్కపెట్టుకునేంత వెలుగు.

అత్తయ్యగారు తెర మీద చూసుకుని, మెడ మీద గీతలన్నీ కనపడుతున్నాయి, దాన్ని అటు తిప్పండి అన్నారు. మామయ్యగారు దాన్ని సీలింగుకేసి ఎత్తి, వీపు మీద పట్టిక వంక ఒకసారి చూసి, రెండు స్టాపులు తెరువు అన్నారు. లెన్సు రెండు మెట్లు తెరిచాను. పైనుంచి వెలుగు మెత్తగా దిగింది. అత్తయ్యగారు ఆ ఫొటోను తన చెల్లెళ్ళందరికీ పంపించమన్నారు.

చేత్తో పట్టుకుంటేనే ఆ ఫ్లాష్‌ని ఎటు కావాలంటే అటు తిప్పగలం. దాన్ని ఏ స్టాండుకు బిగించాలా అని నేను పైకే ఆలోచిస్తున్నాను. మామయ్యగారు బ్యాటరీలు తీసి సంచీలో సర్దుతున్నారు. అప్పటికి నా బుద్ధి వెనక నుంచి నడుచుకుంటూ వచ్చి చేరింది. స్టాండెందుకండీ, మీరు రారా అన్నాను. నేనా అన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.

కంకిపాడులో ఆ హాలు ఆయన చెప్పినట్టే చీకటిగా ఉంది. చుట్టూ గదులు కట్టుకుంటూ పోయి కిటికీలన్నీ మూసేశారు. పెద్దావిడ మామయ్యగారిని చూసి, స్టూడియోగారే వచ్చారే అని కుర్చీ వేయించబోయారు. ఆయన వద్దని చాప చివర నేల మీద కూర్చున్నారు, ఫ్లాష్ పైకెత్తి పట్టుకుని. నేను కెమెరా ఎత్తేసరికి ఫ్లాష్ సిద్ధంగా ఉండేది. నేను ఎడమకు జరిగితే చెప్పకుండానే ఆయన కుడికి జరిగేవారు. మేనమామ ఉంగరంతో పాయసం నాకించినప్పుడు పిల్లాడు మొహం పెట్టిన తీరు, అది చూసి వాళ్ళమ్మ నవ్విన నవ్వు, రెండూ దొరికాయి. ఒక్కటే కష్టం, ప్రతి మెరుపు తర్వాత ఆ పాతది కీ అని సన్నగా కూస్తూ ఎర్ర లైటు వెలిగేదాకా సమయం తీసుకుంటుంది. అయిదారు సెకన్లు ఆగాలి. ఆగడం నాకు అంతకుముందు చేతకాని విద్య.

తర్వాత పిల్లాడి ముందు పుస్తకం, పెన్ను, గిన్నెలో వడ్లు, బంగారు గొలుసు పెట్టారు. ఏది ముందు పట్టుకుంటే దాంట్లో పైకొస్తాడని కదా. ఎనిమిదో నెల పిల్లాడు, పాకడం బాగా వచ్చు. చుట్టాలంతా వంగి చూస్తున్నారు. వాడు వడ్ల వంక చూశాడు, గొలుసు వంక చూశాడు. అప్పుడు చాప చివర ఎర్ర లైటు వెలిగింది. వాడికి ఇంకేమీ కనపడలేదు. పుస్తకం మీద నుంచి, పెన్ను మీద నుంచి పాక్కుంటూ తిన్నగా మామయ్యగారి దగ్గరికి పోయాడు. హాలంతా గొల్లున నవ్వు.

నేను వేలు తీసేశాను. అంత దగ్గర నుంచి పసివాడి కళ్ళలోకి కొట్టకూడదు. నేను అనుకునేలోపే మామయ్యగారు దాని మొహం సీలింగు వైపు తిప్పి, ఇంకో చేత్తో దాని పాదాన్ని కప్పేశారు, వాడి వేలు ఆ వైపుకు పోకుండా. చురుకు సంగతి ఇప్పుడు ఆయనకు బాగా తెలుసు. పిల్లాడు ఆయన మోకాలు పట్టుకుని లేచి, ఫ్లాష్ వీపు మీద అరచెయ్యి వేసి, ఆయన మొహంలోకి చూశాడు. అప్పుడు నొక్కాను. ఒక్క ఫొటో. రెండోదానికి ఛార్జి లేదు, రెండోది అక్కర్లేదు కూడా.

పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఇంకేముంది, వీడూ మీలాగా ఫొటోగ్రాఫరే అవుతాడండీ అన్నారు.

మామయ్యగారు పిల్లాడిని ఒళ్ళోకి తీసుకుంటూ గడ్డంతో నా వైపు చూపించారు.

"ఫొటోగ్రాఫరు మా అమ్మాయండి. నేను లైటు పట్టుకోవడానికి వచ్చాను."

బీరకాయ కూర గురించి చెప్పే గొంతుతోనే అన్నారు. ఆ తర్వాత పెద్దావిడతో వాళ్ళ పెళ్ళినాటి వాన గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. ఫ్లాష్ మాత్రం దించలేదు. నేను తీస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చి ఫొటోలు చూస్తుంటే మా ఆయన, ఈ మూడూ ఇలా అలుక్కుపోయాయేంటి, కెమెరాకి ఏమన్నా అయిందా అని కంగారుపడ్డారు. మామయ్యగారు నన్ను ఫొటోగ్రాఫరు అన్న వెంటనే తీసిన మూడు ఫొటోలు అవి. కెమెరాకి ఏమీ కాలేదని చెప్పాను. వాటిని డిలీట్ చెయ్యలేదు.